లాట్వియన్ అక్షరాలు పలకడం ఎలా? ఇంగ్లీషు పక్కన పెట్టండి, తెలుగుతో చదవండి

లాట్వియా రాజధాని రీగాకు చదువుకోడానికి వచ్చే మన పిల్లలు, ఉద్యోగం మీద వచ్చేవాళ్లు అందరూ అడిగేది ఒకటే. అక్షరాలు ఇంగ్లీషువే కదా, మరి బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు చదివినా ఎదుటివాళ్లకు ఎందుకు అర్థం కావట్లేదు అని. ఎందుకంటే అవి ఇంగ్లీషు అక్షరాలు కావు, రూపం మాత్రమే అది. మీరు ఇంగ్లీషు గొంతుతో చదివినంత కాలం ఇబ్బంది తప్పదు. తెలుగు గొంతుతో చదివితే సగానికి పైగా అక్షరాలు మొదటిరోజే వచ్చేస్తాయి, ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, కింద చూస్తే మీకే తెలుస్తుంది.

మొత్తం 33 అక్షరాలు. ఇంగ్లీషులోని క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై ఇందులో లేవు. మిగిలిన 22కి గుర్తులు పెట్టిన 11 అక్షరాలు కలుస్తాయి. ఒకప్పుడు ఈ భాషను జర్మన్ పద్ధతిలో, గోతిక్ అచ్చులో రాసేవాళ్లు. 1908లో కార్లిస్ మీలెన్‌బహ్స్ నాయకత్వంలోని సంఘం ఒక ధ్వనికి ఒక అక్షరం అనే పద్ధతి తెచ్చింది. మనకు కావలసిన చరిత్ర ఇంతే.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి

- లాట్వియన్ అక్షరమాల బొమ్మ ఒకటి, ఫోన్‌లోనైనా సరే. నేను అక్షరాలను ఇంగ్లీషు పేర్లతో ('ఏ', 'సీ', 'జె' అని) చెబుతాను, మీరు బొమ్మలో చూసుకోవాలి.
- ఫోన్‌లో లాట్వియన్ కీబోర్డు. అక్షరం మీద వేలు నొక్కి ఉంచితే గుర్తులున్న రూపాలు వస్తాయి. వాయిస్ టైపింగ్ కూడా లాట్వియన్‌కి మార్చి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.
- వాయిస్ రికార్డర్, ఒక చిన్న అద్దం.

గుర్తులు మూడే రకాలు. అక్షరం నెత్తిన అడ్డంగా ఉండేది గీత, చిన్న 'వి' ఆకారంలో ఉండేది టిక్కు, అక్షరం కింద ఉండేది కామా. ఇకపై గీత 'ఏ', టిక్కు 'సీ', కామా 'కె' అంటూ పోతాను.

1. ముందు ఇంగ్లీషు అలవాటు తీసేయండి

'టి' అంటే త. 'డి' అంటే ద. ట, డ కాదు. చాలామంది ఇక్కడే తప్పుతారు, ఇంగ్లీషు 'టి'ని మనం ట అనడం చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి. దేశం పేరు వాళ్ల నోట లాట్వియా కాదు, లత్వియ. 'పి', 'కె' మన ప, క లాగే, గాలి వదలకుండా. 'ఆర్' ఎక్కడున్నా గట్టిగా మన ర.

'ఏ' అంటే అ, 'ఐ' అంటే ఇ, 'యు' అంటే ఉ. 'జి' ఎప్పుడూ గ, దాని పక్కన ఏ అచ్చు ఉన్నా సరే. 'ఎస్' అచ్చుల మధ్య ఉన్నా స గానే ఉంటుంది.

'జె' అంటే య. దీన్ని మాత్రం పదిసార్లు రాసి పెట్టుకోండి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు యూర్మల, జూర్మలా కాదు. యెల్గవ, జెల్గావా కాదు. అవును అనడానికి యా.

'హెచ్' మన హ కన్నా గరుకుగా, గొంతులో రాసుకుంటూ వస్తుంది. ఎక్కువగా బయటి నుంచి వచ్చిన మాటల్లోనే కనబడుతుంది. హ అన్నా అర్థమవుతుంది, దాని మీద టైమ్ పెట్టకండి.

సరిగ్గా వచ్చిందా చూడాలంటే: ఇమంత, తెయ్క అనే రెండు రీగా పేటల పేర్లు చదివి రికార్డు చేయండి. ఎక్కడైనా ట వినిపిస్తే మళ్లీ మొదలుపెట్టండి.

2. గీత అంటే దీర్ఘం, అది మనకు పుట్టుకతో వచ్చిందే

గీత 'ఏ' అంటే ఆ, గీత 'ఈ' అంటే ఏ, గీత 'ఐ' అంటే ఈ, గీత 'యు' అంటే ఊ. హ్రస్వం, దీర్ఘం తేడా నేర్చుకోడానికి వేరే దేశాల విద్యార్థులు నెలలు తంటాలు పడతారు. మనకు అక్కర్లేదు. అయినా మనవాళ్లు తప్పుతారు, గీతను అలంకారం అనుకుని వదిలేస్తారు కాబట్టి.

కజస్ అంటే మేకలు, కాజస్ అంటే పెళ్లి. (ఇక్కడ జ అని రాసినది 'జడ్' అక్షరం, జీరోలోని జ, దాని సంగతి నాలుగో మెట్టులో.) పిలె అంటే చుక్క, పీలె అంటే బాతు. విర్స్ అంటే పైన, వీర్స్ అంటే మగవాడు, భర్త.

అసలు ప్రమాదం మాట చివర. మనం ఊరి పేర్ల చివర దీర్ఘం తీస్తాం కదా, రీగా అని, లాట్వియా అని. వాళ్లకు ఊరి పేరు రీగ. రీగా అంటే 'రీగలో' అని అర్థం! విభక్తి మారిపోతుంది. స్కూలుకీ అంతే, చివర హ్రస్వం ఉంటే స్కూలు, దీర్ఘం ఉంటే స్కూల్లో. కాబట్టి గీత ఉంటేనే సాగదీయండి, లేకపోతే తుంచేయండి. (తెలుగులో రాసేటప్పుడు నేనూ రీగా అనే రాస్తున్నాను, అది మన అలవాటు, దానితో పేచీ లేదు.)

పుస్తకాల్లో కనబడనిది ఇంకొకటి. ప, త, క, స లాంటి హల్లు రెండు హ్రస్వాల మధ్య వస్తే, మొదటి దాని మీద ఊనిక ఉంటే (అంటే దాన్ని గట్టిగా పలికితే), ఆ హల్లు మన ద్విత్వంలాగా బరువెక్కుతుంది. నది అనే మాట ఒక్క 'పి'తోనే రాస్తారు కానీ ఉప్పె అన్నట్టు వినిపిస్తుంది. ఆకుకి లప్ప. అదే మాటకు గీత పెడితే కాగడా అవుతుంది, అప్పుడు లాప, ద్విత్వం ఉండదు.

3. 'సీ' అంటే ౘ

ఇది మనకు లాటరీ తగిలినట్టే. చాప, చలి, చుక్క అన్నప్పుడు నోట్లో వచ్చే చ ఉంది చూడండి, పాత పుస్తకాల్లో ౘ అని రాసేవాళ్లు, అదే 'సీ'. జడ, జల్లెడలో వచ్చే జ (ౙ) కూడా ఉంది, దాన్ని 'డి', 'జడ్' పక్కపక్కన పెట్టి రాస్తారు. చాప, చేప ఒకదాని వెంట ఒకటి అని చూడండి, రెండు చ లూ ఒకటి కాదని నాలుకకే తెలుస్తుంది. మీ ఇంట్లో రెండూ ఒకేలా పలికితే ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఫోన్ చేసి చాప అనమని అడగండి.

చిక్కల్లా ఇ, ఎ ముందు. తెలుగులో చి, చె దగ్గర ౘ రాదు, కాబట్టి నోరు దానంతట అదే చిన్నలోని చి వైపు జారిపోతుంది. షాపులో 'ఎంత?' అని అడగాలంటే ౘిక్ మక్సా అనాలి, చిక్ అంటే తప్పు. మనిషి అంటే ౘిల్వేక్స్. విద్జెమె ప్రాంతంలోని పాత పట్టణం ౘేసిస్. దీనికి ఒక ఉపాయం: చాపలోని ౘా దగ్గర నాలుకను ఆపేసి, దాన్ని కదపకుండా అచ్చు మాత్రం మార్చుకుంటూ వెళ్లండి. ౘా, ౘూ, ౘో, ౘె, ౘి. ౙ కి కూడా ఇలాగే చేయండి, చివర్న ౙింతర్స్ అనండి, అంబరు అని అర్థం, బాల్టిక్ తీరంలో దొరికేది.

ఎలా తెలుస్తుంది? ౘి అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక తగలాలి. అంగిలి మీద వెడల్పుగా తగిలితే అది చి.

4. టిక్కు ఉన్న మూడు, టిక్కు లేని 'జడ్'

టిక్కు 'సీ' అంటే మామూలు చ, చేపలోది. టిక్కు 'ఎస్' అంటే షాపులోని ష. ఈ రెంటికీ ఇక్కడితో సరి.

'జడ్', టిక్కు 'జడ్' మాత్రం తెలుగులో లేవు. మనం జీరో అని రాస్తాం కానీ చాలామందిమి జీతంలోని జ తోనే పలుకుతాం. గొంతు మీద వేళ్లు పెట్టుకుని స్స్స్ అని సాగదీయండి, వణుకు ఉండదు. ఇప్పుడు నాలుక కదపకుండా, గాలి ఆపకుండా గొంతు మోగించండి. తుమ్మెద ఝుంకారంలా వస్తుంది, అదే 'జడ్'. ష్ష్ష్ తో మొదలుపెట్టి ఇలాగే చేస్తే టిక్కు 'జడ్' వస్తుంది, ఇంగ్లీషువాళ్లు టెలివిజన్ అన్నప్పుడు వినిపించే జ.

తప్పు పట్టుకోవడం తేలిక: సాగదీయగలిగితే సరైనది. జీతంలోని జ ని సాగదీయలేరు, టక్కున తెగిపోతుంది. చేప అనే మాట (రాతలో జివ్స్, నోట జిఉస్) మొదటి అక్షరాన్ని రెండు సెకన్లు సాగదీసి చూసుకోండి.

5. కామా ఉన్న నాలుగు: ఇక్కడ ఓపిక కావాలి

కామా 'ఎన్', కామా 'ఎల్', కామా 'కె', కామా 'జి'. కామా ఉందంటే ధ్వని మెత్తబడుతుందని అర్థం, అంటే నాలుక నడిమి భాగం అంగిలికి ఒత్తుకుంటుంది.

కామా 'ఎన్' తేలిక. న్యాయం అన్నప్పుడు మొదట వచ్చే ధ్వనిని న్+య అని విడదీయకుండా ఒకే ముద్దగా అంటే చాలు, మన ఞ అదే. న్యూయార్క్‌ని వాళ్లు ఈ అక్షరంతోనే మొదలుపెడతారు. యానిస్ అనేది మగవాళ్ల పేరు, మామూలు 'ఎన్'. జూన్ 24న వచ్చే పండగ పేరు యాఞి, కామా 'ఎన్'.

కామా 'ఎల్' కూడా అంతే, ల్య ని ముద్ద చేయండి. గల్య అంటే మాంసం, కామా వదిలేసి గల అంటే 'చివర యొక్క' అని అర్థం. మాంసం తినని వాళ్లు ఈ మాటను ముందు నేర్చుకోవాలి, ప్యాకెట్ల మీద ఇదే వెతుక్కోవాలి కదా.

కామా 'కె' దగ్గర అద్దం తీయండి. నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి అక్కడే ఉంచండి. నడిమి భాగాన్ని పైకి లేపి అంగిలికి గట్టిగా ఒత్తి వదలండి. క్య కీ త్య కీ మధ్యలో ఏదో వస్తుంది, కావలసింది అదే. కామా 'జి' కూడా ఇదే చోట, గొంతు మోగిస్తూ, గ్య ద్య ల మధ్య.

తప్పులు ఇలా దొరుకుతాయి:
- చ లా వినిపిస్తే గాలి రాసుకుంటూ బయటికి పోతోందన్నమాట. ఇంకా గట్టిగా ఒత్తి, ఒక్కసారిగా వదలండి.
- క్, య రెండు ముక్కలుగా వినిపిస్తే నాలుక వెనక నుంచి లేస్తోంది. ముందుకు తీసుకురండి.
- అద్దంలో నాలుక కొస పైకి లేస్తూ కనిపిస్తే మళ్లీ మొదటికి.

సాధన మాటలు: క్యీన (చైనా), కక్క్యిస్ (పిల్లి), గ్యిమెనె (కుటుంబం), కుగ్యిస్ (ఓడ). వారంలో రాకపోతే టెన్షన్ పడకండి, క్య, గ్య తో లాగించండి, అర్థమవుతుంది. మామూలు క, గ అనడం కన్నా అదే నయం.

ఒక జాగ్రత్త. చిన్న బడి 'జి'కి కింద తోక ఉంటుంది కాబట్టి కామా పెట్టే చోటు లేక దాన్ని నెత్తిన పెడతారు. దాన్ని వేరే అక్షరం అనుకోకండి.

6. 'ఓ' చేసే మోసం

లాట్వియన్ సొంత మాటల్లో 'ఓ' అంటే ఒ కాదు, ఉఒ. రెండూ ఒకే ఊపిరిలో, ఉ నుంచి ఒ లోకి జారాలి. గుడ్డు ఉఒల, చెయ్యి రుఒక, స్కూలు స్కుఒల, భాష వలుఒద. రీగా పక్కనున్న ఊరి పేరు ఉఒగ్రె. బయటి నుంచి వచ్చిన మాటల్లో మాత్రం మామూలు ఒ యే: రదిఒ, ఫొతొ, ఒపెర. ఏది ఏదో ఎలా తెలియాలి అంటే, ఇంగ్లీషులోనో మరో భాషలోనో విన్నట్టు అనిపించిన మాట అయితే ఒ, కొత్తగా అనిపిస్తే ఉఒ. నూటికి నూరు పాళ్లూ కుదరదు కానీ మొదట్లో ఈ లెక్క చాలు.

'ఐ', 'ఈ' పక్కపక్కన ఉంటే ఇఎ, అదీ ఒకే ఊపిరిలో. పాలు పిఎన్స్, థాంక్స్ పల్దిఎస్. వీటిని పీన్స్, పల్దీస్ అని ఇంగ్లీషులా చదవకండి.

7. 'ఈ'కి రెండు ముఖాలు

ఒకటి మన ఎ. రెండోది నోరు ఇంకా తెరిచి, బ్యాగులో వినిపించే అచ్చు. రాతలో తేడా ఉండదు. మోటుగా సూత్రం చెప్పాలంటే, తర్వాతి అక్షరంలో ఇ, ఎ, య లాంటివి ఉంటే మామూలు ఎ, అ, ఉ లాంటివి ఉంటే నోరు తెరవాలి. చెరువు అనే మాటలో మొదటి 'ఈ' తెరిచి పలుకుతారు, దాని బహువచనం (ఎజెరి) చివర ఇ రాగానే ముడుచుకుంటుంది.

వినడానికి భయంగా ఉంది కానీ మన నోరు రోజూ చేసే పనే ఇది. మేక, మేకు అని చూడండి. మేక దగ్గర దవడ కిందికి దిగుతుంది, మేకు దగ్గర దిగదు. ఎవరూ నేర్పలేదు కదా. మినహాయింపులు బోలెడు ఉన్నాయి, అవి వినగా వినగా వస్తాయి, ఇప్పుడే బట్టీ పట్టొద్దు.

8. ఊనిక మొదటి అక్షరం మీద

ఎంత పొడుగు మాటైనా మొదటి అక్షరాన్నే గట్టిగా అంటారు. తర్వాత దీర్ఘం ఉంటే అది సాగుతుంది కానీ బరువు మాత్రం మొదటిదానిదే. తమాషా ఏంటంటే, అందరూ మొదటిరోజు నేర్చుకునే పలకరింపులే దీనికి మినహాయింపు: పల్దిఎస్, లబ్దిఎన్ (నమస్తే), లబ్‌రీత్ (శుభోదయం) వీటిలో బరువు రెండో ముక్క మీద. వాటిని చూసి మిగతా మాటలన్నీ అలాగే అనేస్తుంటారు మనవాళ్లు.

9. పక్కపక్కన పడితే మారేవి

చివరి 'ఎస్' ముందు బ, ద, గ వస్తే ప, త, క అయిపోతాయి. మంచి అనే మాట రాతలో లబ్స్, నోట లప్స్. గుర్రం జిర్గ్స్ అని రాసి జిర్క్స్ అంటారు. 'వి' అక్షరం మాట చివర, హల్లు ముందు ఉ లోకి జారుతుంది, లేదు అనడానికి నవ్ అని రాసి నౌ అంటారు. ఇవి పాటించకపోయినా అర్థమవుతుంది, కానీ వాళ్లు అన్నది మీకు అర్థం కావాలంటే తెలిసి ఉండాలి.

మనవాళ్లే చేసే రెండు తప్పులు

చివర ఉ తగిలించడం. బస్సు, కారు అన్నట్టు ప్రతి హల్లుకీ ఉ పెడతాం. లాట్వియన్‌లో దానితో అర్థమే మారుతుంది: ఏస్త్ అంటే తినడం, ఏస్తు అంటే 'తినేవాణ్ని, తింటే బాగుండు' అనే ధోరణి. తినాలని ఉంది అని చెప్పబోయి వ్యాకరణం మార్చేస్తారు. నోరు మూసి ఆపడం సాధన చేయండి.

మొదట ఇ తగిలించడం. ఇస్కూలు, ఇస్టేషన్ అలవాటున్న వాళ్లు స్స్స్ అని సాగదీసి ఆ మీద కుఒల అనండి. స్టేషన్‌కి స్తౘియ, ఆ ౘ బరువుగా.

వచ్చిందో లేదో చూసుకోవడం

లాట్వియన్ వాయిస్ టైపింగ్ తెరిచి ఒక్కో మాటే చెప్పండి. వాక్యం చెబితే ఫోన్ సందర్భాన్ని బట్టి ఊహించి సరిదిద్దేస్తుంది, మీ తప్పు దాగిపోతుంది. మేకలు, పెళ్లి; బాతు, చుక్క; మాంసం. గుర్తులతో సహా పడితే వచ్చినట్టే.

రీగాలో ఉంటే ట్రామ్ ఎక్కండి. 'నాకమా పిఎతుర' (తర్వాతి స్టాపు) అన్నాక వచ్చే పేరును బోర్డు మీద చూస్తూ, వినకముందే మనసులో చదివి, విన్నాక పోల్చుకోండి. ఊళ్లో లేనివాళ్లు లత్వియస్ రదిఒ వార్తలు ఆన్‌లైన్‌లో పెట్టుకుని ఇదే పని చేయొచ్చు. లాట్వియన్ ఉచిత పాఠాలు కూడా నెట్‌లో ఉన్నాయి.

ఆఖరి పరీక్ష, ఆఫీసులో ఫోన్ మీద మీ పేరు అక్షరం అక్షరం చెప్పడం. 'ఏ'ని ఆ అంటారు, 'ఈ'ని ఏ అంటారు, 'ఐ'ని ఈ అంటారు. మీరు ఇంగ్లీషులో 'ఏ' అంటే అవతలివాళ్లు 'ఈ' రాసుకుంటారు, మీరు 'ఈ' అంటే 'ఐ' రాసుకుంటారు, కాగితాల మీద పేరు తప్పు పడటానికి ఇదొక దారి. 'కె' కా, 'జి' గా, 'హెచ్' హా, 'జె' యే. వాళ్ల అక్షరమాలలో లేని 'వై'ని ఇగ్రెక్స్ అంటారు, 'డబ్ల్యూ'ని దుబుల్త్‌వే అంటారు. రెడ్డి అని చెప్పాలంటే ఎర్, ఏ, దే, దే, ఇగ్రెక్స్. మీ పేరు, ఇంటిపేరు, మెయిల్ అడ్రసు ముందే ఇలా కాగితం మీద రాసుకుని, తడుముకోకుండా వచ్చేదాకా చదివి, అప్పుడు ఫోన్ చేయండి.